గుసగుసల ఇల్లు

ఆ ఇల్లాలు ఇంట్లోనే కిటికీ తెరలు కుట్టి అమ్ముతుంది. కుట్టుమిషను పక్కనే ఇంటిల్లిపాదీ వాడుకునే కంప్యూటరు ఉంటుంది. ఆ ఉదయం లేత నీలం గుడ్డ కోసం బట్టల సైటు తెరిస్తే, గుడ్డల పక్కన ఒక ముసలాయన ఫొటో నవ్వుతూ కనిపించింది. కింద 'మాటలు సరిగ్గా వినపడటం లేదా? మా చెవి మిషను వాడండి' అని రాసి ఉంది.

ఆవిడ పట్టించుకోలేదు. వాన పడుతుందేమోనని వాతావరణం చూడబోతే అక్కడా అదే ముసలాయన. వార్తలు తెరిస్తే అక్కడా ఆయనే.

"నా చెవులకేం రోగం? నిక్షేపంలా ఉన్నాయి!" అని ఆవిడకు ఒళ్లు మండింది. అంతలోనే ముందురోజు సంగతి గుర్తొచ్చింది. ఎన్నిసార్లు పిలిచినా పలకలేదని, సరిగ్గా ఈ గదిలోనే, "చెవుల్లో ఏం పెట్టుకున్నారండీ?" అని భర్త మీద కేకలేసింది. కంప్యూటరు ఆ మాట వినేసిందన్నమాట!

చదువరులారా, ఆవిణ్ణి చూసి నవ్వకండి. మన అవసరమేదో తెరమీద ప్రత్యక్షమైనప్పుడు, 'ఇదెలా తెలిసిందబ్బా' అని తల గోక్కోనివాళ్లు మనలో ఎందరు? తల గోక్కుని వదిలేస్తాం, అంతే. ఆవిడ వదల్లేదు. కంప్యూటరు తెర అంచున కనబడిన చిన్న కన్నమే దాని చెవి అనుకుని, దానికి గుడ్డముక్క అంటించి, ఇంట్లో కొత్త చట్టం పెట్టింది.

"ఇకనుంచి ఎవరూ గట్టిగా మాట్లాడొద్దు. అది వింటోంది."

భర్త మంచి పనివాడు. స్కూళ్లలోనూ కచేరీ హాళ్లలోనూ పియానోలకు శ్రుతి సరిచేస్తాడు. ఊళ్లో అందరికీ ఆయన శ్రుతి మేస్త్రి. భార్య చట్టానికి ఆయన బుద్ధిగా తలూపాడు. ఆ మాటకొస్తే కొంతకాలంగా ఆయన అన్నిటికీ తలూపుతూనే ఉన్నాడు.

ఆ వారం ఆ ఇంట్లో అంతా అయోమయమే. "తలుపు గొళ్లెం పెట్టారా?" అని ఆవిడ గుసగుసగా అడిగితే, "పెట్టాను" అనేవాడు. చూస్తే తలుపు బార్లా తెరిచి ఉండేది. "సాయంత్రం ఎప్పుడొస్తారు?" అంటే, "బాగానే ఉంది" అనేవాడు. వెటకారమేమో అనుకుని ఆవిడ మూతి ముడుచుకుంది. చివరికి ఉండబట్టలేక, "నా మీద కోపంగా ఉన్నారా?" అని మెల్లగా అడిగింది. ఆయన నవ్వుతూ, అవునన్నట్టు తలూపాడు.

కోపమైతే నవ్వడమెందుకు? నవ్వితే అవుననడమెందుకు? ఆవిడకు ఒక్క ముక్క బోధపడలేదు. మిషను ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంది.

సెలవురోజున కూతురు వచ్చింది. పక్క వీధిలోనే కాపురం. లైబ్రరీలో కంప్యూటర్ల దగ్గర ఉద్యోగం. తల్లి ఆమె చెవిలో తన గోడు వెళ్లబోసుకుంది.

"అమ్మా, ఇది మన కేకలు విని పెట్టిన ఫొటో కాదే" అని నవ్వింది కూతురు. "ఇది కుకీల పని. మనం ఒక సైటుకి వెళ్తే, అది మన బ్రౌజర్లో చిన్న గుర్తు పెడుతుంది. దాన్నే కుకీ అంటారు. మళ్లీ వెళ్తే ఆ గుర్తుని బట్టే పోల్చుకుంటుంది. కొన్ని సైట్లలో ప్రకటనల కంపెనీలు కూడా తమ గుర్తులు పెడతాయి. ఇంకో సైటులోనూ ఆ కంపెనీ ఉంటే, ఫలానాది చూసినవాళ్లే మళ్లీ వచ్చారని కనిపెట్టేస్తుంది."

"అయితే మొత్తం తుడిచి పారెయ్!"

"పారేస్తే నీ బట్టల సైటు కూడా నిన్ను మర్చిపోతుంది. మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. గుర్తుందా నీకు?"

తల్లి పాస్‌వర్డ్ రాసిపెట్టిన చీటీ కోసం మిషను సొరుగు వెతికింది. దొరకలేదు.

"అందుకే ఏది ఉంచాలో, ఏది తియ్యాలో చూసుకోవాలి. అయినా, ఈ ప్రకటన ఊరికే రాదమ్మా. ఈ కుర్చీలో కూర్చుని చెవి మిషన్ల సైటు ఎవరో చూసుంటారు."

"నేను చూళ్లేదు" అంది తల్లి.

ఇద్దరూ కిటికీ వైపు తిరిగారు. అక్కడ తండ్రి వాళ్లకు వీపు పెట్టి కూర్చుని, పనిముట్ల సంచీ సర్దుకుంటున్నాడు. "నాన్నా" అంది కూతురు, తల్లి చట్టం ప్రకారం మెల్లగా. ఆయన తిరగలేదు. మళ్లీ పిలిచింది. తిరగలేదు. తల్లికి అప్పుడు వెలిగింది.

"ఏవండీ!" అని అరిచింది.

"పిలిచావా?" అన్నాడాయన తిరిగి.

ఇక దాచడం ఆయన వల్ల కాలేదు. "పియానోలో కుడివైపు చివరి మీటలు చెక్క తట్టినట్టుగా వినిపిస్తున్నాయి. స్వరం తెలియడం లేదు" అన్నాడు తల వంచుకుని. "శ్రుతి మేస్త్రికి చెవులు పోయాయంటే పని ఎవరిస్తారు? అందుకే గుట్టుగా ఆ సైటు చూశాను. తెర మీద ఏదో పెట్టె అడ్డమొచ్చింది. 'అన్నిటికీ సరే' అన్న పెద్ద బటన్ నొక్కితే పోయింది."

"అందులో ఏం రాసుందో చదివావా నాన్నా? నువ్వేం చూశావో ప్రకటనల కంపెనీలన్నిటికీ చెప్పుకోమని ఒప్పుకున్నావు."

భార్యకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఊరూపేరూ తెలియని వాళ్లందరికీ సరే అన్నారు. నాతో చెప్పడానికి మాత్రం మీకు మనసొప్పలేదు!" అని, వెంటనే తను వేసిన కేకలు గుర్తొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. వారం రోజులు ఆయనకు వినపడకుండా మాట్లాడింది తనే కదా అని ఆవిడ కుమిలిపోయింది.

కూతురు బ్రౌజర్ సెట్టింగులు తెరిచి, ఒక సైటులో దూరి గుర్తులు పెట్టే ఇతర కంపెనీల కుకీలను ఆపేసింది. చెవి మిషన్ల సైటు పెట్టినవి తుడిచేసి, బట్టల సైటువి ఉంచింది. "ప్రకటనలు పూర్తిగా పోవు. కానీ ఇలా వెంటపడటం తగ్గుతుంది" అంది.

తర్వాత చెవుల డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం భార్యాభర్తలు పక్కపక్కన కూర్చున్నారు. సైటు తెరవగానే అదే పెట్టె. అలవాటు కొద్దీ ఆయన వేలు పెద్ద బటన్ మీదికి పోబోయింది. ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, పైకే చదివి, మూలనున్న చిన్న అక్షరాల 'అవసరమైనవి మాత్రమే' నొక్కాడు.

"తెర మీద ఎవరడిగినా చదివి, ఆలోచించి ఒప్పుకోండి. నాకైతే అడగకముందే చెప్పండి" అంది ఆవిడ, వీధిలోకి వినపడేంత గట్టిగా.