ఎడమవైపు మూడు మిల్లీమీటర్లు

నేను ఒక కారుని. నవ్వకండి. నాలుగు చక్రాలు, నాలుగు తలుపులు, ఒక స్టీరింగు, వెనక అద్దం మీద బియ్యపు గింజంత అమ్మవారి స్టిక్కరు, అన్నీ ఉన్నాయి నాకు. పెట్రోలు పోయనక్కర్లేదు, అంతే తేడా. నా పొడవు నూట డెబ్బయ్యొకటిన్నర మిల్లీమీటర్లు. విజయనగరంలో త్రినాథ్ నడిపే ఎర్ర కారు పొడవులో సరిగ్గా ఇరవయ్యో వంతు.

నేను పుట్టింది పాలకొండలో, ఆషాఢమాసంలో, ఒక కొత్త పెళ్లికూతురి డైనింగ్ టేబుల్ మీద. ఆమె పేరు సంతోషి. పెళ్లయి రెండు నెలలు కాకముందే ఆషాఢం వచ్చింది. ఆ నెలంతా అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు, అల్లుడు అత్తారింటి మెట్టెక్కకూడదు. అందుకని అమ్మాయిని పుట్టింటికి పంపించేశారు. మనుషులు ఎంతో ఖర్చుపెట్టి ఇద్దరిని ఒకచోట చేర్చి, తర్వాత ఎంతో నిష్ఠగా వాళ్లను విడదీస్తారు. ఇందులో ఏముందో కాగితపు బుర్రకు అందదు.

సంతోషి బీటెక్ సివిల్ చదివింది. ఖాళీగా ఉండటం చేతకాదు. వచ్చిన మూడో రోజున, మిగిలిపోయిన పెళ్లికార్డుల కట్టను చూసి, "ఒలమ్మా, ఎంత మంచి అట్టో! పారేస్తారేటి దీన్ని?" అంది. ఆ అట్టే నా ఒళ్లు. నాన్నగారి టానిక్ సీసాల మూతలు నా చక్రాలు. రంగు కోసం మూడు సీసాల గోళ్లరంగు కొనుక్కొచ్చింది. దుకాణంలో ఒక్కో సీసా మూత తీసి, ఫోనులో ఉన్న కారు ఫోటో పక్కన పెట్టి చూసుకుని, సరైన ఎరుపు దొరగ్గానే అక్కడే చిన్న గెంతు వేసిందట. ఇంటికొచ్చి ఆ సంగతి నాకు తనే చెప్పింది. ఆమె నాతో మాట్లాడుతుంది. వర్షం మొదలైతే చెబుతుంది, టీలో అల్లం సరిగ్గా కుదిరితే చెబుతుంది.

కారు అక్కడ, అమ్మాయి ఇక్కడ. మరి కొలతలు? రోజూ సాయంత్రం ఐదింటికి ఆమె భర్త త్రినాథ్ ఫోనులో చెప్పేవాడు. అతను సర్వేయరు. టేపు పట్టందే అంకె చెప్పడు. మొదటి వారంలో పొడవు, ఎత్తు, కుడివైపు మొత్తం ఇచ్చాడు.

"కుడిది ఇచ్చేశారు కదా, ఎడమది కూడా అదే వేసుకుంటాను," అంది సంతోషి.

"అదెలా కుదురుద్ది? కొలవకుండా రాసుకున్నది కొలత కాదు. ఎడమది ఎడమదే. కొలిచి చెప్తాను."

"అబ్బో, సర్వేయరు గారూ! మొగుడిని అడిగితే కొలతలు, ముద్దు అడిగితే ఏటి చెప్తారో!"

"అది ఫోనులో కుదరదు. ఫీల్డు పని."

సంతోషి పకపకా నవ్వింది. వంటింట్లోంచి వాళ్లమ్మ దగ్గింది.

తొమ్మిదో రోజు బుధవారం. ఆ రోజు నాకు సీట్లు పెట్టింది. ముందు రెండు, వెనక ఒకటి. సూదిమొనంత పువ్వులున్న గుడ్డ తొడిగింది. తలుపు తెరిచి ఫోటో తీసి పంపి, అతను ఆఫీసు నుంచి బయల్దేరే వేళకి ఫోను చేసింది. "చూశారా? చూడండి, చూడండి! ఇప్పుడే చూడాలి!" అంటుండగానే ఫోను తెగిపోయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. అరగంట అలిగి కూర్చుంది. రాత్రికి మెసేజి వచ్చింది: "సిగ్నల్ లేదు. సీట్లు చాలా బాగున్నాయి." అలక తీరిపోయింది. ఆ మెసేజిని నాకూ చూపించింది.

ఎడమవైపు కొలతలు రెండు రోజులు ఆలస్యంగా మొదలయ్యాయి. ఆమె కత్తి పట్టింది. అక్కడే నా కష్టాలూ మొదలయ్యాయి.

ముందు చక్రం నుంచి వెనక చక్రానికి కుడివైపు రెండువేల మూడువందల అరవై మిల్లీమీటర్లు అయితే, ఎడమవైపు రెండువేల మూడువందలు వచ్చింది. నా మీద చూస్తే మూడు మిల్లీమీటర్లు తక్కువ. నన్ను బల్ల మీద తోస్తే ఎడమకు తిరిగి ఉప్పు డబ్బాకి కొట్టుకున్నాను. "నా చెయ్యి వణికినట్టుంది," అని ఆ పక్క ఊడదీసి మళ్లీ అంటించింది. మళ్లీ అంతే. మూడోసారి కొత్త అట్ట తీసుకుంది. నాకు అదే కాలు కుంటి.

అప్పుడు ఆమె చేతిలోని కత్తి పక్కన పెట్టింది. నోట్‌బుక్ దగ్గరికి లాక్కుని కుడివైపు అంకెలు, ఎడమవైపు అంకెలు ఎదురెదురుగా రాసింది. వెనక చక్రం దగ్గర తేడా లేదు. వెనక తలుపు సరిగ్గా ఉంది. ముందు తలుపులో కొంచెం తక్కువ. బానెట్ అంచులో ఇంకా తక్కువ. చెయ్యి వణికితే తప్పులు అటూ ఇటూ పడతాయి. ఇవన్నీ ఒక్క మూలకే నడిచాయి.

చాలాసేపు నా వైపు చూస్తూ కూర్చుంది. ఆ సాయంత్రం అల్లం టీ చల్లారిపోయింది. దాని గురించి నాకేమీ చెప్పలేదు.

ఐదింటికి ఫోను మోగితే నేరుగా అడిగింది. "కారుకేటైనా అయ్యిందా?"

"ఏటవుద్ది? బంగారంలా ఉంది."

"మీకు?"

"నాకేటి, సంతూ? రాయిలా ఉన్నాను. రేపు అద్దం కొలత ఇస్తాను."

ఆమె సరే అని పెట్టేసింది. అబద్ధాన్ని అంత తొందరగా, అంత తియ్యగా చెప్పగలడని ఆమెకి ఆ రోజే తెలిసింది. కారుకి దెబ్బ తగలడం కంటే అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. రెండు నెలల కాపురంలో అతను "బాగున్నాను" అన్నవన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకోవడం మొదలుపెట్టింది.

పంతొమ్మిదో రోజు ఉదయం నన్ను చెప్పుల పెట్టెలో దూది మధ్య పడుకోబెట్టింది. వాళ్లమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆషాఢంలో ఎక్కడికే? మీ అత్తగారు గడపలోంచే తిరుగు పంపించేస్తారు! నలుగురూ ఏటనుకుంటారు?"

"గడప దాటనమ్మా. గడప లేని చోటికే వెళ్తాను."

"అలాంటి చోటేటుంది?"

"ఉండే ఉంటాది. చూసి వచ్చీస్తాను."

రాజాం మీదుగా బస్సు. పెట్టె ఆమె ఒళ్లో ఉంది. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి ఫోను చేసింది. "నేను విజయనగరంలో ఉన్నాను. అద్దం కొలత ఇస్తానన్నారు, అంటే కారు దగ్గరే ఉన్నారు కదా. ఎక్కడో చెప్పండి." అవతల చాలాసేపు సుత్తి చప్పుడు మాత్రమే వినిపించింది. తర్వాత అతను చోటు చెప్పాడు.

అది గురువులు మేస్త్రి డెంటింగ్ షెడ్డు. నాలుగు స్తంభాలు, ఒక రేకు. తలుపు లేదు, గడప లేదు.

నా అసలు కారును నేను మొదటిసారి చూసింది అక్కడే. దాని ఎడమ కన్ను పోయింది. బానెట్ ఆ మూల ముడుచుకుపోయి ఉంది. ముందు చక్రం వెనక్కి జరిగి, ఎడమ ముందు తలుపుని మూసుకోనీయకుండా పట్టుకుంది. ఏళ్ల తరబడి రోడ్డు మీద తిరిగిన కారు అది. నేనేమో కార్డు ముక్కని. అయినా ఇద్దరం ఒకేలా కుంటుతున్నాం.

త్రినాథ్ ఎడమచేతికి మోచేతి దాకా కట్టు. కుడిచేతిలో టేపు. రెండో కొస గురువులు పట్టుకుని ఉన్నాడు.

"మీవోడికి రోజూ ఇదే పనమ్మా," అన్నాడు గురువులు. "బండి బాగుచేయమంటాడు, కొలిచేదాకా చెయ్యెయ్యనివ్వడు. ఇలాటి మనిషిని నేను చూళ్లేదు." ఆ తర్వాత ఆమె ముఖం చూసి, టీ తాగొస్తానని వెళ్లిపోయాడు.

సంతోషి కట్టు వైపు చూసింది, కారు వైపు చూసింది. అరవలేదు. "ఎవరికైనా తగిలిందా?" అంది.

"లేదు. కల్వర్టు గోడ. నేను ఒక్కడినే."

"ఎప్పుడు?"

అతను టేపు వెనక్కి చుట్టాడు.

"మీ అంకెలు నాకు నిజం చెప్పాయి. మీరు చెప్పలేదు. కుడి కొలతే ఎడమకీ చెప్పేసుంటే నాకు జన్మలో తెలీదు. అది రాదు మీకు. నా ముఖం మీద బాగుంది బాగుంది అనడం మాత్రం వచ్చీసింది. నేను ఎవరితో కాపురం చెయ్యాలి, చెప్పండి? మీతోనా, మీ టేపుతోనా?"

"బుధవారం," అన్నాడు త్రినాథ్. ఇంకేమీ కలపలేదు. కలపనక్కర్లేకపోయింది.

ఆమె లెక్క వేసుకోవడం నాకు తెలిసింది. పెట్టె పట్టుకున్న వేళ్లు బిగుసుకున్నాయి. చూడండి, చూడండి, ఇప్పుడే చూడాలి. అతను ఎడమచేత్తో ఫోను పైకెత్తి చూసినది నన్ను. పువ్వుల సీట్లు వేసుకుని, తలుపు తెరుచుకుని, ముస్తాబై కూర్చున్న నన్ను. నాకు ఇంజను లేదు, బ్రేకు లేదు, ఎవరినీ గుద్దే బరువు లేదు. అయినా ఆ గోడ దాకా అతన్ని తీసుకెళ్లిన వాటిలో నేనూ ఉన్నాను.

"అందుకే చెప్పలేదు," అన్నాడు. "చెప్తే నువ్వు మళ్లీ అలా నవ్వవు."

"ఇప్పుడు నవ్వుతున్నానా?"

అతను టేపు జేబులో వేసుకున్నాడు.

"అత్తయ్యకి ఏటని చెప్పారు?"

"సైటులో మెట్ల మీద జారానన్నాను. కారు సర్వీసింగుకి ఇచ్చానన్నాను. కొత్తకోడలు వచ్చిన రెండు నెలలకే ఇలా అయ్యిందంటే, చుట్టాలు ఏటంటారో నీకు తెలుసు."

"అంటే అననీయండి. ఇప్పుడు చెప్పండి. నా ఎదురుగా."

అతను ఫోను బానెట్ మీద పెట్టి, స్పీకరు నొక్కి, తల్లికి మొదటి నుంచీ చెప్పాడు. అంతా విన్నాక ఆవిడ అడిగింది, "ఎటుపక్క తగిలింది?"

"ఎడమపక్కమ్మా."

"అది కూర్చునే పక్క." "ఆషాఢం కాబట్టి బతికింది నా కోడలు. పెద్దలు ఊరికే పెట్టలేదురా."

"ఆషాఢం కాబట్టే ఫోను పట్టుకున్నానమ్మా. పక్కన ఉంటే ఫోను ఎందుకు?"

ఇద్దరూ చెప్పింది నిజమే. మనుషుల నిజాలు ఇలా ఎదురెదురుగా నిలబడతాయి, కుడి కొలత ఎడమ కొలతలా.

సంతోషి ఫోను దగ్గరికి వంగింది. "అత్తయ్యా, నేనే. ఆ టైములో ఫోను చేసింది నేనే. ఫోటో చూడమని తొందరపెట్టింది నేనే. ఈయన చెప్పరు, అందుకని నేను చెప్తున్నాను."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు. త్రినాథ్ రెండోసారి చేయబోతే ఆమె వద్దంది.

ఇద్దరూ ఆటోలో ఇంటికి వెళ్లారు. సంతోషి గేటు బయటే రోడ్డు మీద నిలబడింది. ఎండ మాడ్చేస్తోంది. అత్తగారు లోపల నుంచి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి, కోడలి ముఖం చూడకుండా పెట్టె తీసుకుని, మూత తెరిచి, నన్ను ఎత్తింది. నన్ను కుడివైపు చూసింది. తిప్పి ఎడమవైపు చూసింది. ఆ పక్క అద్దం ఇంకా అంటించలేదు. కిటికీలోంచి చూపుడువేలు లోపలికి పెట్టి, ముందు ఎడమ సీటు మీద ఆనించింది. ఆ వేలు అక్కడే ఉండిపోయింది.

"బస్సు నాలుగింటికి," అంది చివరికి. "ఎండలో నిలబడకు. ఇది ఇక్కడ వదిలెళ్లు."

తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. సంతోషి బస్సు ఎక్కింది. నేను ఉండిపోయాను.

ఇప్పుడు నా చోటు అత్తగారి కుట్టుమిషను మీద. అసలు కారును గురువులు సాగదీసి, రంగు వేసి పంపించాడు. తెలియనివాళ్లు ఏమీ కాలేదనుకుంటారు. రోజూ పొద్దున్న ఆవిడ మిషను తుడిచి, నా ఎడమవైపు గోడకి ఉండేలా తిప్పి పెడుతుంది. ఆఫీసుకు బయల్దేరే ముందు త్రినాథ్ వచ్చి, కట్టు కట్టిన చేతి వేళ్లతో, నా ఎడమవైపు కనబడేలా తిప్పి పెడతాడు. తల్లీ కొడుకూ దీని గురించి ఒక్క ముక్క మాట్లాడుకోరు. సంతోషి సాయంత్రాలు ఫోను చేస్తుంది. అతను ఇంట్లో కూర్చున్నాకే చేస్తుంది. నవ్వు వినిపిస్తుంది, కానీ మొదటి వారంలోని నవ్వంత పొడవు ఉండదు.

శ్రావణం నాలుగు రోజుల్లో వస్తుంది, ఆమె కూడా. గడప దాటి లోపలికొచ్చి, చేతులు కడుక్కుని, కుట్టుమిషను దగ్గరికి వస్తుంది. ఆ రోజు నేను ఎటు తిరిగి ఉంటానో నాకు తెలియదు.