దీపధారి

దెబ్బ తగలని కుడిచేతికి కట్టు కట్టడం ఆ ఉదయం నా మొదటి పని. "గట్టిగా చుట్టు. చూసినవాళ్ళకి నిజంగా బెణికినట్టుండాలి," అన్నాడు మా ఆయన. ఇంకో రెండు చుట్లు చుట్టి ముడి బిగించాను.

ఆ రోజు బొమ్మల కార్డుల దుకాణంలో, కొనుక్కున్నవాళ్ళ కార్డుల మీద ఆయన సంతకాలు పెట్టాలి. ఆ కార్డులతో ఆడేది పేకలాంటి ఆటే, కానీ కొత్తగా వచ్చిన ఈ సెట్టుతో ఆడేవాళ్ళకంటే దాన్ని దాచుకునేవాళ్ళే ఎక్కువ. అంతా బొమ్మల కోసమే. వాటిలో దీపం పట్టుకున్న ఆడమనిషి బొమ్మ, 'దీపధారి', అన్నిటికంటే అరుదు. వెయ్యి ప్యాకెట్లు విప్పితే ఒకటి దొరికితే దొరికినట్టు. దాని అంచు కాస్త నలిగినా అన్నం మానేసేవాళ్ళున్నారట. అడుగున చిన్న అక్షరాల్లో చిత్రకారుడిగా మా ఆయన పేరుంటుంది. గీసింది నేను. వంటింటి బల్ల మీద, ఒక కన్ను పొయ్యి మీదే వేసి, మూడు నెలలు గీశాను. "పేరెవరిదైతేనేం, మొగుడూ పెళ్ళాలు వేరా?" అన్నాడు కార్డుల కంపెనీ ఒప్పందం మీద సంతకం పెడుతూ. పని ఎగ్గొట్టి గీతలు గీస్తున్నానని నన్ను సాధించే మా అత్తగారు, పక్కింటావిడతో మాత్రం "మావాడి చేతిలో విద్య ఉందమ్మా" అని మురిసిపోయేది.

ఒక్కసారే, "నా పేరు కూడా వేయించండి" అన్నాను. ఆయన అరవలేదు. నా కుంచెలు ఒక్కొక్కటే విరిచి, బల్ల మీద వరసగా పేర్చి, "అన్నం పెట్టు" అన్నాడు. అప్పటినుంచి గుమ్మంలో ఆయన చెప్పుల చప్పుడు వింటే చాలు, చేతిలో ఏ పనుంటే అది వదిలేసి కంచం పెట్టేస్తాను.

దుకాణంలో ఎడమచేత్తో సంతకాలు గిలికాడు. పక్కన చిన్న బొమ్మ వెయ్యమన్నవాళ్ళకి కట్టు చూపించాడు. నేను పక్క కుర్చీలో కూర్చుని కార్డులకి ప్లాస్టిక్ తొడుగులు తొడుగుతున్నాను.

లెక్కల టీచరుగా రిటైరైన ఒక పెద్దావిడ 'దీపధారి'ని రెండు చేతుల్తో పట్టుకొచ్చింది.

"సంతకం తర్వాత పెడుదువుగాని బాబూ. ఈమె దీపం ముందుకి పట్టుకుంది కదా, చూపు తన వెనకున్న తలుపు మీద ఉందేం?"

"అదా... అందం కోసమండీ. ఒక స్టైలు."

ఆవిడ నవ్వలేదు. "భూతద్దం పెట్టి చూశాను. మణికట్టు మీద నాలుగు వేళ్ళ గుర్తులున్నాయి, కనపడీ కనపడకుండా. ఎవరివవి?"

ఆయన కార్డు మీదకి వంగాడు. వాటిని ఇంతవరకూ చూడనేలేదని నాకప్పుడే తెలిసింది. బల్ల కింద ఆయన బూటు నా కాలివేళ్ళ మీదికొచ్చి ఆగింది. మెల్లగా బరువు పెరిగింది. ఇంటికెళ్ళాక ఏం చేస్తాడన్నది కాదు నా భయం, ఎంత నిదానంగా చేస్తాడన్నది.

ఆవిడ చూపు నావైపు తిరిగింది. "నీకు తెలుసా అమ్మాయీ?"

"దానికేం తెలుసండీ, నాకు తోడొచ్చింది," అన్నాడాయన, నేను నోరు విప్పకముందే.

కాలు లాక్కున్నాను. భయం పోలేదు. అయినా మాట బయటికొచ్చింది.

"తెలుసండీ. అవి ఈయన వేళ్ళు. బొమ్మ గీసింది నేను." అక్కడితో ఆగిపోతే ఆ ఇంటికే వెళ్ళాలి. అందుకే లేచి బల్ల దాటి ఆవిడ పక్కకి వచ్చి నిలబడ్డాను. "నన్ను మీతో తీసుకెళ్తారా?"