ఓడటం నేర్చినవాడు

మినోరుకు ఓడిపోవడం చేతకాదు. ఆ మాట మొదట అన్నది మా ఆయన ఇగరాషి. షోగి, అంటే మా జపాను చదరంగంలో, ఆయన పెద్ద పేరున్న మనిషి, నోరు మాత్రం రాయి. నేను ఆయన భార్యను, ఫుసాయెను. ఆయన శిష్యులందరికీ అన్నం వండిపెట్టి, మేజోళ్లు ఉతికి, ఏడిస్తే ముక్కులు తుడిచినదాన్ని. కాబట్టి ఈ సంగతి చెప్పే హక్కు నాకుంది, ఆయనకు కోపం వచ్చినా సరే.

మినోరును పన్నెండేళ్లప్పుడు వాళ్లమ్మ తొత్తొరి ఊరి నుంచి ఒసాకాకు, మా ఇంటికి తీసుకొచ్చింది. చేతిలో బేరిపండ్ల పెట్టె. ఆవిడ వంగి వంగి దండాలు పెడుతుంటే వీడు మాత్రం షోగి బల్ల మీదే కళ్లు పెట్టి నిలబడ్డాడు. ఆ మధ్యాహ్నమే మా ఆయనతో ఆడి ఓడాడు. ఓడానని ఒప్పుకోలేదు. తన రాజుకు అన్ని దారులూ మూసుకుపోయాక కూడా బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. పులుసు చల్లారింది, అన్నం గట్టిపడింది, వాళ్లమ్మ ఎక్కాల్సిన రైలు వెళ్లిపోయింది.

"వీడు వట్టి మొండి ఘటమండీ," అన్నాను.

"మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా," అని నవ్వి, వాణ్ణి శిష్యుడిగా తీసుకున్నారు మా ఆయన.

షోగిలో ఎవరూ ఎవరి రాజునూ చంపరు. ఇక దారి లేదని ఓడినవాడికే తెలియాలి. వాడే చేతిని పావుల మీద ఉంచి, తల వంచి, "ఓడిపోయాను" అని పైకి చెప్పాలి. గెలిచినవాడు తిరిగి తల వంచుతాడు. అంతవరకూ ఓడినవాడు తల ఎత్తకూడదని మా ఇంటి పద్ధతి. తర్వాత ఇద్దరూ అదే బల్ల మీద ఆటను మొదటినుంచీ మళ్లీ పరుచుకుని, ఎక్కడ చెడిందో చూసుకుంటారు. ఓడినవాడికి అదే బడి. మినోరు ఆ బడికి పోయేవాడు కాదు.

ఆటంటే ఎంత ప్రాణమో, ఓడిన ఆటంటే అంత అసహ్యం వాడికి. పోయిన ఆటలో గంటసేపు కూర్చునేవాడు. చివరికి "ఓడిపోయాను" అనకుండా ముక్కులో ఏదో గొణిగేవాడు. వెంటనే "కడుపునొప్పి" అని లేచిపోయేవాడు. ఎక్కడ పడ్డాడో చూడలేదు గనక మళ్లీ నెలకు అదే గోతిలో పడేవాడు. ఒక్కోసారి మాత్రం చచ్చిన ఆటను గోళ్లతో తవ్వి బతికించేవాడు. అవతలివాడు విసుగెత్తి తప్పు చేస్తే ఎగిరి గంతేసి ఇంటికొచ్చేవాడు.

"దాన్ని గెలుపంటార్రా? అడుక్కోవడం అంటారు," అనేవారు మా ఆయన.

అన్నం గిన్నె మీంచి తల ఎత్తకుండా, "అడుక్కున్నా గెలుపు గెలుపేగా గురువుగారూ," అనేవాడు.

నేను పక్కకు తిరిగి నవ్వుకునేదాన్ని. నాకు వాడంటే ఇష్టం, దాచుకోవడమెందుకు.

వృత్తి ఆటగాడు కావాలంటే ఒక్కో మెట్టూ ఎక్కాలి. చివరి మెట్టు మీద ముప్పై నలభై మంది ఇరుక్కుని ఉంటారు. ఆరు నెలలకోసారి వాళ్లలో ఇద్దరే పైకి పోతారు. ఇరవై ఆరు నిండేలోగా పోలేనివాడు మూటాముల్లే సర్దుకోవాల్సిందే. చిన్నప్పటినుంచి ఇంకో పని ఎరగని పిల్లలు ఆ తర్వాత ఏమవుతారో ఎవరూ అడగరు. మా పాత శిష్యుడొకడు ఇప్పుడు సామాన్ల బండి నడుపుతున్నాడు. మా వీధికి సామాను తేవాల్సి వస్తే వేరేవాణ్ణి పంపుతాడట.

మినోరుకూ ఆ గడువు వచ్చేసింది, మరుసటి మార్చిలో ఇరవై ఆరు నిండుతాయి. శరదృతువులో మొదలైన పోటీలే వాడికి ఆఖరివి. అవి మొదలయ్యే ముందు ఒక సాయంత్రం వచ్చి మా ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"గురువుగారూ, నాలో ఏం లోపముందో దాచకుండా చెప్పండి."

"ఇప్పుడడిగావా నాయనా? పెళ్లివారు వెళ్లాక బాజాలు," అన్నాను నేను, చేతిలో కూరగాయలతో గుమ్మంలో నిలబడి.

మా ఆయన నన్ను ఉరిమి చూసి వాడివైపు తిరిగారు. "నీ చేతికి లోపం లేదు, బుర్రకు లోపం లేదు. నీకు ఓడిపోవడం రాదు. ఓటమిని చూడలేనివాడు తన తప్పును చూడలేడు. శుభ్రంగా ఓడటం నేర్చుకో, గెలుపు అదే వస్తుంది."

ఆ మాట తప్పని నేననను. ఆ రోజు నాకూ నిజమే అనిపించింది.

ఇక మొదలుపెట్టాడు. రోజూ మా ఆయనతో ఆడి, ఓడిన వెంటనే వంగి ఆ మాట అనాలి. మొదటి వారం అది గొంతులోంచి ఊడిపడేది కాదు. "ఓ... ఓడి..." అని మింగేవాడు, చెవులు ఎర్రబడేవి.

"ఏరా, గొంతులో చేపముల్లు గుచ్చుకుందా? అన్నం ముద్ద మింగు, పోతుంది," అనేదాన్ని.

"నవ్వకండి అమ్మగారూ. మీరైతే మీ వంట బాగాలేదని ఒప్పుకుంటారా?"

"బాగాలేకపోతే కదా ఒప్పుకోవడానికి."

స్నానాల గదిలో అద్దం ముందు అనేవాడు. మా పిల్లికి వంగి దండం పెట్టి అనేవాడు. బియ్యం కొట్టాయన వస్తే ఆయనతోనూ అన్నాడట, పాపం ఆయన హడలిపోయి వచ్చి, పిల్లవాడికి ఒంట్లో బాగుందా అని నన్ను అడిగాడు. చలికాలం వచ్చేసరికి మాట తేలికైంది. దారి లేదని తెలియగానే చొక్కా సర్దుకుని, చెయ్యి పావుల మీద ఉంచి, స్పష్టంగా చెప్పి వంగేవాడు. ఓడిన ఆట ముందు కూర్చుని తనకంటే చిన్నవాళ్లను, "ఇక్కడ నేనేం చేసుండాలి?" అని అడిగేవాడు. మా ఆయన కూడా ఒకసారి, "బాగా ఓడావు," అన్నారు. ఆ నోటినుంచి మెచ్చుకోలు నేను విన్నది అదొక్కటే. వాడు ఆ రోజు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

నిజంగానే గెలుపులు వచ్చాయి. పాత గోతుల్లో పడటం మానేశాడు. ఫిబ్రవరి వెళ్లేసరికి మొదటి ఇద్దరిలోకి వచ్చే వీలున్నవాళ్లలో మినోరు పేరు కూడా చెప్పుకున్నారు. నాకు కాలు నిలవలేదు. వాళ్లమ్మ ఫోను చేస్తే, "శుభానికి ఎర్ర అన్నం వండుకోవడానికి సిద్ధంగా ఉండండి వదినా," అనేశాను. అనకుండా ఉండాల్సింది.

ఆఖరి రోజు రెండాటలు. మధ్యాహ్నం వాడే ఫోను చేశాడు.

"అమ్మగారూ, పొద్దుటి ఆట గెలిచాను. నాకంటే పై స్థానంలో ఉన్నవాడు ఓడాడు. రెండోదీ గెలిస్తే నేను ఎక్కినట్టే."

"ఎవరితో?"

"కజివారా. పంతొమ్మిదేళ్ల కుర్రాడు. వాడికిది గెలిచినా ఓడినా ఒకటే."

"అన్నం తిన్నావా?"

"తింటాను. ముల్లంగి పులుసు పెట్టండి."

నేను ముల్లంగి తరిగి పొయ్యి మీద పెట్టాను. మా ఆయన తోటలోకి, లోపలికి తిరుగుతూనే ఉన్నారు. నిలబడి నిలబడి పిల్లిని తిట్టారు.

చీకటి పడే వేళకు తలుపు తీసిన చప్పుడైంది. ఎప్పుడూ బూట్లు అటొకటి ఇటొకటి విడిచేవాడు, ఆ రోజు జతగా పెట్టాడు. లోపలికొచ్చి కూర్చుని, తల వంచి, "గురువుగారూ, ఓడిపోయాను. ఆట చూడండి," అన్నాడు. గొంతు వణకలేదు.

బల్ల తెచ్చి ఆట పరిచాడు. ఒక్కొక్క ఎత్తూ వేస్తూ పోయాడు. మా ఆయన తల ఊపుతూ చూశారు. బాగా ఆడాడు, నాకే తెలుస్తోంది. చివర్లో అవతలివాడు దూరం నుంచి, తిన్నగా నడిచే ఏనుగు పావుతో రాజు మీదికి గురిపెట్టాడు. రాజు ఎటు కదిలినా చావే. మినోరు చెయ్యి ఆపాడు.

"ఇక్కడ దారి లేదనుకున్నాను. నీళ్లు తాగాను. చొక్కా సర్దుకున్నాను. 'ఓడిపోయాను' అని వంగాను."

"ఊఁ," అన్నారు మా ఆయన.

"కజివారా తిరిగి వంగలేదు గురువుగారూ. 'ఏంటీ?' అన్నాడు. నేను మళ్లీ చెప్పాను. అప్పుడు వంగాడు. తర్వాత ఆట మళ్లీ పరుచుకున్నాం. ఇక్కడికి వచ్చాక వాడేం మాట్లాడలేదు. నా పక్కనున్న పీట వైపు చూశాడు, అంతే."

ఎదుటివాడి దగ్గర పట్టుకున్న పావుల్ని ఆ చిన్న పీట మీద పెట్టుకుంటారు, అదను చూసి తమ సొంత పావులుగా దింపుకుంటారు. మా ఆయన పీట వైపు చూశారు. అక్కడ ఐమూలగా నడిచే పావు ఒకటి ఉంది.

"దాన్ని రాజుకు అడ్డంగా దింపితే ఏనుగు ఆగిపోతుంది," అన్నాడు మినోరు. పాఠం చెబుతున్నట్టు మెల్లగా చెప్పాడు. "అంతేకాదు, అక్కడినుంచి ఏటవాలుగా కజివారా రాజు మీదికే గురి. వాడికి తప్పించుకునే దారి లేదు. ఆట నాది. నాకు టైము కూడా మిగిలే ఉంది."

నాకు ఒళ్లు మండిపోయింది. పాత మినోరు అయితే అక్కడ కొండరాయిలా కూర్చునేవాడు. గొణిగేవాడు, గోళ్లు కొరికేవాడు, నానా అసహ్యంగా ప్రవర్తించి ఆ పావును చూసేవాడు. ఓడటం రానివాడైతే గెలిచుండేవాడు.

"మీ మర్యాద తగలెయ్య," అన్నాను మా ఆయనతో. ఇన్నేళ్ల కాపురంలో ఆయన్ని అంతమాట అనలేదు. "శుభ్రంగా ఓడటం నేర్పారు కదా. ఇప్పుడు సరిపోయిందా?"

"అమ్మగారూ, గురువుగారినేం అనకండి," అన్నాడు మినోరు. "ఆ విద్య లేకపోతే నేను ఈ ఆటదాకా వచ్చేవాణ్ణే కాదు. పోయిన శరదృతువులోనే పోయేవాణ్ణి."

అదీ నిజమే. అదే నన్ను ఇప్పటికీ కాల్చుకు తింటోంది. కోపం ఎవరి మీద చూపించను?

"మరి నీకేం తోచింది రా అప్పుడు?" అడిగారు మా ఆయన. అంత చిన్న గొంతు ఆయనకుందని నాకు తెలియదు.

"బాగా ఓడాలని తోచింది గురువుగారూ."

మా ఆయన కళ్లు మూసుకున్నారు. నేను వంటకు ముందు కట్టుకున్న గుడ్డతో మొహం తుడుచుకున్నాను. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను.

"గురువుగారూ, ఒక్క కోరిక," అన్నాడు మినోరు. "నా వైపు మీరు కూర్చోండి. నేను కజివారా వైపు ఆడతాను. ఆ పావు దింపాక ఆట ఎలా ఉండేదో నాకు చివరిదాకా చూడాలని ఉంది."

"వద్దురా," అన్నాను నేను.

అప్పటికే వాడు లేచి బల్ల అటువైపుకు వెళ్లి కూర్చున్నాడు. మా ఆయన వాడు ఖాళీ చేసిన చోటికి జరిగారు. పీట మీది పావు తీసి రాజుకు అడ్డంగా పెట్టారు. పావు కొంచెం వంకరగా పడింది. మినోరు దాన్ని సరిచేశాడు. తర్వాత తన రాజును ఒక గడి వెనక్కి తీశాడు. మా ఆయన వెంటపడ్డారు. ఇంకో గడి. ఇంకో గడి. ఉన్న దారులన్నీ ఒకటొకటే వెతికాడు, ఏదీ తొందరపడి వదల్లేదు. అవతలివాడి రాజును కూడా తన రాజులాగే కాపాడటానికి చూశాడు. ఇక ఎక్కడికీ కదలడానికి లేకుండా పోయింది.

చొక్కా సర్దుకున్నాడు. చెయ్యి పావుల మీద ఉంచాడు.

"ఓడిపోయాను," అని తల వంచాడు.

అంత చక్కగా వంగినవాణ్ణి మా ఇంట్లో నేనింతవరకూ చూడలేదు. మా ఆయన తిరిగి వంగాలి. వంగలేకపోయారు, బల్ల అంచు పట్టుకుని అలాగే ఉండిపోయారు. వాడు మాత్రం పద్ధతి ప్రకారం, ఆయన వంగేదాకా తల ఎత్తకుండా ఎదురుచూస్తూ ఉన్నాడు.