కరివేపాకు కుండీలో పాలు

కరివేపాకు కుండీలో చీమలు మూగిన తెల్లటి తడిని వేలితో తీసి వాసన చూడగానే, అవి తన పాలేనని దివ్యకు తెలిసిపోయింది.

ఫ్రీజర్లో పెట్టి కరిగించిన పాలకు అదో రకం సబ్బు వాసన. కాన్పు సెలవు ముగిసి మళ్ళీ ఆఫీసుకు వెళ్తున్న ఈ రెండు వారాలుగా ఆ వాసన ఆమె బ్యాగును, బట్టలను వదలడం లేదు. ఆఫీసులో గడియ వేసుకుని పాలు పిండటం, సంచుల్లో నింపి మంచుముక్కల మధ్య వర్తూరులోని ఇంటి దాకా మోసుకురావడం. ఇదంతా ఆరో నెల పడిన కొడుకు పండు కోసం.

అత్త సావిత్రమ్మ, మోకాలి ఆపరేషన్ అయిన చెల్లెలి కోసం దొడ్డబళ్ళాపురం వెళ్ళింది. పగలంతా మనవణ్ణి చూసుకునే పని మామ వెంకటేశప్ప మీద పడింది. పడటమేమిటి, ఆయనే లాక్కున్నాడు. ముగ్గురిని పెంచిన చేతులివి అని చుట్టాలందరి ముందూ మీసం మెలేశాడు. రోజూ ఆమె వచ్చేసరికి సీసా కడిగి బోర్లించి ఉండేది. అడిగితే, వాడు చుక్క మిగల్చలేదనేవాడు.

ఆ చుక్కలన్నీ ఈ మట్టిలో ఉన్నాయి.

ఇవాళ మీటింగ్ రద్దయి మధ్యాహ్నానికే వచ్చింది. ఇంట్లో మామా లేడు, బిడ్డా లేడు. ఫోన్ చేస్తే ఆయన ఫోను టీపాయ్ మీదే మోగింది.

తల్లిపాలు మోరీలో పోయకూడదని, కాళ్ళు తొక్కే చోట పడకూడదని ఈ ఇంట్లో పట్టింపు. అందుకే సింకు వదిలేసి కుండీ వెతుక్కున్నాడన్నమాట. చీమల సంగతి తట్టలేదు పాపం.

మరి పండు ఏం తాగుతున్నాడు? ఏడాది నిండేదాకా ఆవుపాలు పట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. దివ్య ఫ్రిజ్ వెతికింది, అలమరలు తెరిచింది, చెత్తబుట్ట కుమ్మరించింది. పాల ప్యాకెట్టు లేదు, పొడి డబ్బా లేదు. కానీ పిల్లాడు చిక్కలేదు. మొన్ననే చేతి మురుగులు బిగుతయ్యాయని తీసేసింది. కడుపులోకి ఏదో పోతోంది. అదేమిటి?

భర్త భరత్‌కు ఫోన్ చేస్తే, పాలు విరిగిపోతే పారబోసి ఉంటాడు, నాన్నను ఏమీ అనకు అన్నాడు. ఆమె చెప్పులు వేసుకుంది. రేపే రాజీనామా. కన్నబిడ్డ ఏం తాగుతున్నాడో తెలియనప్పుడు ఆ ఉద్యోగం ఎందుకు?

తాత, మనవడు రోజూ ఈ వేళకు వెనకాల కడుతున్న బిల్డింగు వైపు పోతారని వాచ్‌మన్ చెప్పాడు. దివ్య పరుగెత్తింది. రేకుల షెడ్ల మధ్య నుంచి వెంకటేశప్ప ఎదురొచ్చాడు. భుజం మీద తువ్వాలు, దాని కింద నిద్రపోతున్న పండు. పెదవి చివర ఇంకా ఆరని పాలచుక్క.

ఆమె తుడిచి వాసన చూసింది. సబ్బు వాసన లేదు. ఆవుపాలు కావు, పొడిపాలూ కావు. ఆ వాసన ఏమిటో ఆమెకు తెలుసు.

"ఏం పట్టినారు మామా?"

ఏమీ లేదన్నాడు. తర్వాత నీళ్ళన్నాడు. ఆమె దారి వదల్లేదు. ఆయన షెడ్ల వైపు ఒకసారి చూసి, తల దించుకున్నాడు.

"నువ్వు ఆఫీసుకు పోయిన మొదటి దినమే వీడు సీసా తోసేసినాడమ్మా. చెంచాతో పోస్తే కక్కినాడు. నీలుక్కొని ఏడస్తావుంటే ఎత్తుకొని ఈ పక్కకొచ్చినా. ఇటుకలు మోసే సుంకమ్మ ఉండాది, చంటిబిడ్డ తల్లి. చేతులు చాపింది. ఇచ్చేసినా. నేను గోడ తట్టు తిరిగి కూచున్నా. అప్పట్నుంచీ దినామూ ఇదే. నీకు చెప్తే పని మానేస్తావని భయం. అందరి ముందరా అంత మాట్లాడినోణ్ణి, నాకు చేతకాలేదని ఎట్ల చెప్పేది? ఆ యమ్మ నన్ను ఒగటే అడిగిందమ్మా, తల్లికి తెలుసునా అని. తెలుసన్నా."