ఇంకా మూడు సెట్లు

రాయపూర్‌లో తెలీబంధా చెరువుకి ఎదురుగా ఉన్న ఆ జిమ్‌లో ట్రైనర్లు కూర్చోకూడదు. ఇది గోడ మీద రాసిపెట్టిన నియమమేమీ కాదు. కానీ కూర్చున్నవాడు మర్నాడు పనిలో కనిపించడు. మెంబర్ల కోసం పెట్టిన చల్లటి నీళ్ళు తాగకూడదు, లిఫ్టు ఎక్కకూడదు, షిఫ్టు మొదలవగానే ఫోన్ తీసి రిసెప్షన్ సొరుగులో పడేసి తాళం వేయించాలి. చెమట కూడా మెంబర్లకే పట్టాలి. ట్రైనర్‌కి పడితే గబగబా వెనక్కెళ్ళి బనీను మార్చుకురావాలి. గోడల నిండా అద్దాలు, అద్దాల నిండా రాయపూర్ బియ్యం మిల్లుల వాళ్ళు, ఇనుప వ్యాపారులు, వాళ్ళ ఇంటి కోడళ్ళు. అందరూ తమను తాము చూసుకుంటూ ఉంటారు. వెనక నిలబడ్డవాణ్ణి చూసేంత తీరిక ఎవరికీ ఉండదు.

అలా వెనక నిలబడ్డవాళ్ళలో చిన్నారావు ఒకడు. పుట్టింది, పెరిగింది రాయపూర్ రైల్వే కాలనీలోనే. తండ్రి అప్పలస్వామి పలాస నుంచి వచ్చి, వ్యాగన్ల వర్క్‌షాపులో ఖలాసీగా చేరి, ముప్పై నాలుగేళ్ళు ఇనుము మోసి రిటైరయ్యాడు. కొడుకూ ఇనుమే మోస్తున్నాడు. కాకపోతే ఇది మెరుస్తుంది.

ఆ వృత్తిలో ఒక అబద్ధం ఉంది, అది చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మెంబర్ బెంచీ మీద వెల్లకిలా పడుకుని, రెండు వైపులా బరువులు బిగించిన కడ్డీని ఛాతీ దాకా దించి మళ్ళీ పైకి తోస్తాడు. అలా పదిసార్లు తోస్తే ఒక సెట్టు. ట్రైనర్ అతని తల దగ్గర నిలబడి కడ్డీ కింద చేతులు పెడతాడు. పేరుకి అది జారితే పట్టుకోవడానికి. కానీ మెంబర్ చేతులు వణకడం మొదలుపెట్టగానే ట్రైనర్ వేళ్ళు మెల్లగా కడ్డీని లేపుతాయి. లేపుతూనే, "అంతా మీదే సార్! మీరే! మీరే!" అని అరవాలి. పడుకున్నవాడు కప్పుకేసి చూస్తాడు గానీ వేళ్ళకేసి చూడడు. లేచి కూర్చుని అద్దంలో తన కండలు చూసుకుని మురిసిపోతాడు. మర్నాడు మళ్ళీ వస్తాడు. అంత పెద్ద జిమ్ నిజానికి ఈ ఒక్క అబద్ధం మీద నడుస్తోంది.

చిన్నారావు మెంబర్లలో ముఖ్యుడు హర్షిత్ లూనియా. నలభై నిండలేదు, మూడు బియ్యం మిల్లులు, జిమ్ యజమానికి ప్రాణస్నేహితుడు. చిన్నారావుని "మద్రాసీ" అని పిలిచేవాడు. పాపం చిన్నారావు మద్రాసు మొహం ఎప్పుడూ చూడలేదు. అయినా పిలిస్తే పలికేవాడు.

ఆ రోజు జూలై నెల, పొద్దున్న ఎనిమిది. బయట కుండపోత. లూనియా బెంచీ మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. రిసెప్షన్‌లో పనిచేసే షారోన్ దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమెదీ తెలుగు ఇల్లే, తల్లి రైల్వే ఆసుపత్రిలో నర్సు.

"అన్నా, మీ అమ్మగారొచ్చారు. అంకుల్‌కి ఛాతీలో నొప్పంట, ఒళ్ళంతా చెమటలంట. ఫోన్ చేసి చేసి ఇంక తనే వచ్చేశారు. మూడో అంతస్తు నుంచి దింపడానికి బిల్డింగ్‌లో ఒక్క మగమనిషి కూడా లేడంట. జల్దీ వెళ్ళన్నా."

చిన్నారావు తలెత్తి చూశాడు. గాజు గోడ అవతల, చెప్పులు పెట్టుకునే అరల పక్కన, చిన్న స్టూలు మీద తల్లి బంగారమ్మ కూర్చుని ఉంది. తడి చెప్పులతో లోపలికి రాకూడదని గార్డు అక్కడే ఆపేశాడు. చీర కుచ్చిళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏమైంది?" అన్నాడు లూనియా హిందీలో.

"నాన్నగారికి ఛాతీ నొప్పి సార్. నేను వెళ్ళాలి."

"అరే, ముసలాళ్ళు కదా, గ్యాస్ పట్టేసుంటుంది. ఇంకా మూడు సెట్లే కదా ఉన్నాయి. చేయించేసి వెళ్ళు." అని మళ్ళీ పడుకున్నాడు.

రెండు నెలల క్రితమే ఒక ట్రైనర్ సెట్టు మధ్యలో మెంబర్‌ని వదిలి వెళ్ళాడని పనిలోంచి తీసేశారు. అది చిన్నారావు కళ్ళముందే జరిగింది. మూడు సెట్లంటే ఎంతసేపు, ఆరు నిమిషాలు. అలా లెక్క చెప్పుకుని చిన్నారావు కడ్డీ కింద చేతులు పెట్టాడు. "అంతా మీదే సార్!" అన్నాడు. కానీ మొదటి సెట్టు అవగానే లూనియాకి ఫోన్ వచ్చింది. మందిర్ హసౌద్ దగ్గర వడ్ల లారీ బురదలో దిగబడిందట. ఆ లారీ గురించి తాపీగా మాట్లాడాడు, తిట్టాడు, నవ్వాడు. రెండో సెట్టు తర్వాత ఇంకో ఫోన్. ఆరు నిమిషాలు పద్దెనిమిది అయ్యాయి. అంతసేపూ అద్దంలో తల్లి కనిపిస్తూనే ఉంది. ఆమె ఏడవలేదు, పిలవలేదు. గాజులోంచి కొడుకునే చూస్తూ కూర్చుంది.

ఇంటికెళ్ళేసరికి అప్పలస్వామి గోడకి చేరగిలబడి ఉన్నాడు. "వొచ్చినావా," అన్నాడు. చిన్నారావు తండ్రిని రెండు చేతుల మీదా ఎత్తుకుని మెట్లు దిగాడు. రెండో మలుపు దగ్గర చేతుల్లో బరువు మారింది. రోజూ బరువులు మోసేవాడికి అది తెలుస్తుంది. కింద ఆటో దగ్గరికి వచ్చినా, ఆసుపత్రికి చేరినా, తండ్రి పోయింది మాత్రం ఆ మలుపు దగ్గరేనని అతనికి తెలుసు. తల్లికి చెప్పలేదు.

పెద్దకర్మ అయ్యాక గుండుతో పనికి వచ్చాడు. లూనియా అతన్ని పైనుంచి కిందికి చూసి పకపకా నవ్వాడు.

"ఏంటి మద్రాసీ, కొత్త స్టైలా? నువ్వు మాయమైపోయావు, ఇక్కడ నా ఛాతీ కసరత్తు రెండు వారాలు పాడైపోయింది!"

ఆ మాటతో చిన్నారావుకి ఒళ్ళు భగ్గుమంది. అక్కడే, ఆ బెంచీ మీదే, ఆ కడ్డీతోనే అతన్ని చంపెయ్యాలనిపించింది. చెయ్యి కడ్డీ దాకా వెళ్ళింది కూడా. తర్వాత ఆగి ఆలోచించాడు. ఇతని ప్రాణం నాకెందుకు, ఏం చేసుకోను? నా తల్లిని గాజు అవతల కూర్చోబెట్టి చూపించావు కదా, అదే గాజు ఇవతల నిన్ను పడుకోబెట్టి నా తల్లికి చూపిస్తాను. అలా అనుకున్నాక మనసు చల్లబడింది. "క్షమించండి సార్, ఇవాళ్టి నుంచి కసిగా చేద్దాం," అన్నాడు. కసి అన్న మాట మాత్రం నిజం.

లూనియా సొంతంగా ఎత్తగలిగేది డెబ్భై అయిదు కిలోలు. చిన్నారావు పది పదిహేను రోజులకోసారి చెరో వైపు చిన్న బిళ్ళ ఒకటి కలుపుతూ పోయాడు. ఎనభై అయింది, తొంభై అయింది, సంక్రాంతి దాటేసరికి వంద. పైన పెరిగిందంతా చిన్నారావు మోశాడు. మొదట వేళ్ళతో, తర్వాత అరచేతులతో, చివరికి నడుం బిగించి భుజాలతో. తొమ్మిది నెలల్లో లూనియా ఛాతీ అంగుళం పెరగలేదు గానీ చిన్నారావు భుజాలు చొక్కా కుట్లు తెంపేశాయి. ఇంకే ట్రైనర్‌నీ ఆ బెంచీ దగ్గరికి రానివ్వలేదు. "సార్ బాడీ నాకే తెలుసు," అనేవాడు. లూనియా ఫోన్‌లో వీడియోలు తీయించుకుని ఊరందరికీ పంపేవాడు. వీడియోలో చిన్నారావు మొహం ఉండేది కాదు, రెండు చేతులే ఉండేవి. వాటిని ఎవరు చూస్తారు?

ఏప్రిల్‌లో జిమ్ వార్షికోత్సవం. బెంచీ పోటీ పెట్టారు. పేర్లు రాసుకుంటున్నప్పుడు చిన్నారావే వెళ్ళి లూనియా పేరు రాయించాడు, పక్కన నూట అయిదు కిలోలని వేయించాడు. లూనియా చూసి, "నూట పది రాయాల్సింది కదరా," అన్నాడు. "మొదటి ప్రయత్నం సార్, తేలిగ్గా మొదలుపెడదాం," అన్నాడు చిన్నారావు. ఆ రాత్రి చాలా నెలల తర్వాత అతనికి హాయిగా నిద్రపట్టింది.

పోటీ నాడు పొద్దున్నే తల్లిని బయల్దేరమన్నాడు.

"నాకెందుకురా ఆ ఏసీ కొట్టు," అంది బంగారమ్మ. "ఒకపాలి ఎల్లినాను, సాల్దా?"

"ఇవాళ లోపల కూర్చుంటావమ్మా. ముందు లైన్లో. నువ్వు తప్పకుండా రావాల."

తీసుకొచ్చి చెప్పులతోనే లోపలికి నడిపించాడు. గార్డు నోరు తెరవబోయి, చిన్నారావు మొహం చూసి మూసుకున్నాడు. ముందు వరసలో లూనియా భార్య, తమ్ముడు, మిల్లు భాగస్వాములు. ఆ వరస చివరి కుర్చీలో బంగారమ్మ.

న్యాయనిర్ణేతగా వచ్చినాయన రైల్వే జట్టుకి బరువులెత్తడం నేర్పిన పాత కోచ్. ఆయన మొదటే చెప్పేశాడు. కడ్డీ అందించాక వెనకున్నవాడు చెయ్యి వేస్తే ఆ ప్రయత్నం చెల్లదు. ఎత్తేవాడు నోరు తెరిచి అడిగితేనే పట్టుకోవాలి. చిన్నారావు తల ఊపాడు. బెంచీకి రెండు పక్కలా కడ్డీ మనిషి మీద పూర్తిగా పడకుండా అడ్డుకునే ఇనుప పట్టాలు ఉంటాయి. వాటిని పొద్దున్నే మూడుసార్లు సరిచూసుకున్నాడు. ప్రాణం మీదికి రాకూడదు. అతనికి కావలసింది పరువు.

చప్పట్ల మధ్య లూనియా పడుకున్నాడు. చిన్నారావు కడ్డీ లేపి అతని చేతుల్లో పెట్టాడు. తర్వాత, తొమ్మిది నెలల్లో మొదటిసారి, చేతులు వెనక్కి తీసుకుని నడుం వెనక కట్టుకున్నాడు.

లూనియా మోచేతులు అప్పుడే వణికాయి. కళ్ళు పైకెత్తి చిన్నారావు చేతుల కోసం వెతికాడు. అవి కనబడలేదు. కడ్డీ ధడాలున దిగి పట్టాల మీద ఖంగుమని మోగి, ఛాతీని నొక్కిపట్టి ఆగిపోయింది. లూనియా తోశాడు. ఒక పక్క అంగుళం లేచి మళ్ళీ పడింది.

"పకడ్," పట్టుకోమన్నాడు పళ్ళ సందులోంచి, చిన్నారావుకి మాత్రమే వినబడేలా.

చిన్నారావు వంగాడు. "గట్టిగా అడగాలి సార్. రూలు."

కోచ్ దగ్గరికొచ్చి, "చాలా? తీసెయ్యమంటారా?" అని అడిగాడు. భార్య చూస్తోంది, పది ఫోన్లు వీడియో తీస్తున్నాయి. లూనియా అడ్డంగా తల ఊపాడు. మళ్ళీ తోశాడు. మెడ నరాలు ఉబ్బాయి. అప్పుడు చిన్నారావు హాలంతా దద్దరిల్లేలా అరిచాడు.

"అంతా మీదే సార్! మీరే! మీరే!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. లూనియా కాళ్ళు నేల మీద కొట్టుకున్నాయి. చివరికి గొంతు చీరుకుపోయేలా, "ఉఠావో! అరే ఉఠావో రే!" అని, ఎత్తమని కేకపెట్టాడు. చిన్నారావు పక్కనున్న ఇద్దరితో కలిసి కడ్డీ ఎత్తి స్టాండులో పెట్టాడు.

లూనియా లేచి కూర్చున్నాడు. మొహం కందగడ్డలా ఉంది. "రోజూ ఎత్తుతున్నాను కదా! నిన్న కూడా ఎత్తాను!"

"నేనెత్తాను సార్," అన్నాడు చిన్నారావు హిందీలో, అందరికీ వినబడేలా. "తొమ్మిది నెలలుగా పెరిగిన బరువంతా నేనే ఎత్తుతున్నాను. మా నాన్న చావుబతుకుల్లో ఉన్నాడంటే మూడు సెట్లు చేయించి వెళ్ళమన్నారే, ఆ మూడు సెట్లు కూడా నేనే ఎత్తాను. మా నాన్నని దింపాల్సిన చేతులతో."

"ఏ మూడు సెట్లు?" అన్నాడు లూనియా.

అతనికి నిజంగానే గుర్తులేదు. చిన్నారావు చెయ్యి చాచి చివరి కుర్చీలో కూర్చున్న తల్లిని చూపించాడు. "ఆవిడ్ని అడగండి. చెప్పుల దగ్గర కూర్చుని లెక్కపెట్టింది." హాల్లో అందరూ అటు తిరిగారు. లూనియా భార్య బంగారమ్మని చూసి, మొగుడికేసి చూసి, పర్సు తీసుకుని లేచి వెళ్ళిపోయింది. లూనియా ఎవరి మొహమూ చూడలేక తువ్వాలు నెత్తిన కప్పుకున్నాడు.

పది నిమిషాల్లో మేనేజర్ వచ్చి రేపట్నుంచి రావద్దన్నాడు. చిన్నారావుకి చీమ కుట్టినట్టయినా లేదు. షారోన్ సొరుగు తాళం తీసి, ఫోన్ చేతిలో పెట్టి, అతని చెయ్యి గట్టిగా నొక్కింది. అతనికి కడుపు నిండినట్టయింది. తొమ్మిది నెలల ఆకలి ఒక్క పూటలో తీరింది.

రోడ్డు దాటి చెరువు గట్టు మీద సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. పక్కనే తల్లి. ఎదురుగా జిమ్ అద్దాలు ఎండకి మెరుస్తున్నాయి.

"చూశావా అమ్మా?" అన్నాడు.

"సూసినాను." బంగారమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒరే చిన్నా, ఆ సేటు మూడన్నాడు. సరే. ఆడికేటి తెలుసు, నొప్పొచ్చింది ఆడి బాబుకా? నువ్వెందుకు ఆగిపోనావురా?"

ఆ ప్రశ్న ఆమె స్టూలు మీద కూర్చున్నప్పటి నుంచీ దాచుకుందని అతనికి అప్పుడు తెలిసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూశాడు.

"బయమేసిందమ్మా," అన్నాడు. "నౌకరీ పోతాదని."

బంగారమ్మ రోడ్డు అవతలి అద్దాలకేసి చూసింది.

"ఇప్పుడూ పోనాది కదరా," అంది.