డ్రైవర్ మావయ్య చెప్పులు

ఆఫీసరమ్మ తనిఖీకి వస్తుందన్న కబురు అందగానే నేను చేసిన మొదటి పని ఇల్లు సర్దడం కాదు, ఇంట్లోంచి ఒక మనిషిని మాయం చెయ్యడం.

అతను నాతో ఎనిమిదేళ్లుగా కాపురం చేస్తున్న మనిషి. బస్సు డ్రైవరు. మా అక్కా బావా ప్రమాదంలో పోయి ఆర్నెల్లయింది. అప్పట్నుంచీ వాళ్ల పిల్లలిద్దరూ మా దగ్గరే. నాకు లిఫ్టులు బాగుచెయ్యడం వచ్చుగానీ పిల్లకి జడ వెయ్యడం రాదు. అదీ అతనే నేర్చుకున్నాడు. పిల్లల మేనత్త మాత్రం, ఇద్దరు మగాళ్లు కాపురముండే ఇంట్లో తన అన్న పిల్లలు పెరగడానికి వీల్లేదని పిల్లల సంక్షేమ శాఖలో అర్జీ పెట్టింది. తనిఖీకొచ్చే ఆఫీసరమ్మ మమ్మల్ని కాదంటే పిల్లలు ఆ మేనత్త దగ్గరికి పోతారు.

సోమవారం, పిల్లలు బడికెళ్లాక, అతని బట్టలు, బ్రష్షు, చెప్పులు సంచీలో కుక్కాను. "నాలుగు రోజులు నీ స్నేహితుడి గదిలో ఉండు" అన్నాను. గొడవ పడతాడనుకున్నాను. పడలేదు. అదింకా ఒళ్లు మండించింది. పదేళ్ల పిల్లకి సంగతి చెప్పాను. ఆరేళ్ల బుడ్డోడికి చెప్పలేదు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. వాడూ ఏమీ అడగలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గురువారం ఆఫీసరమ్మ వచ్చింది. మంచాలు చూసింది, వంటగది చూసింది, కుర్చీలో కూర్చుని ఫారం తీసింది.

"మీరు కాక పెద్దవాళ్లు ఇంకెవరైనా ఉంటారా ఇంట్లో?"

"లేరండి."

ఆవిడ రాసుకుంటుంటే బుడ్డోడు నా మోచెయ్యి పట్టి లాగాడు.

"మావయ్యా, డ్రైవర్ మావయ్య ఎప్పుడు చచ్చిపోయాడు?"

ఆవిడ కలం ఆగింది.

"ఎవరు చెప్పార్రా అలాగని?"

"ఎవరూ చెప్పలేదు. చెప్పులు లేవుగా. నువ్వు ఏడుస్తావని అడగలేదు."

"అమ్మావాళ్లు పోయినప్పుడూ అంతే," అంది పిల్ల, నేల చూస్తూ. "మేం బడి నుంచి వచ్చేసరికి వాళ్ల చెప్పులూ సామాన్లూ అన్నీ అత్త తీసేసింది."

నాలుగు రోజులు. ఇంత పిల్లాడు, నాలుగు రోజులపాటు ఒక చావుని కడుపులో దాచుకుని బడికెళ్లొచ్చాడు. నా మీద నాకే అసహ్యం వేసింది. నిజం చెబితే పిల్లలు చెయ్యి జారిపోతారని తెలుసు. వాడు మాత్రం నా మొహంలోకే చూస్తున్నాడు.

"మీకు అబద్ధం చెప్పాను మేడం," అన్నాను. "అతను ఇక్కడే ఉంటాడు. నా మనిషి. మీరేం రాసుకుంటారో రాసుకోండి."

అతనికి ఫోన్ కలిపి, బుడ్డోడు మాట్లాడతాడని చెప్పి వాడి చేతికిచ్చాను. "ఏరా బుడ్డోడా, అన్నం తిన్నావా?" అన్న అతని గొంతు నాదాకా వినిపించింది. వాడు ఫోన్ని రెండు చేతులతో చెవికేసి అదుముకున్నాడు. "వచ్చెయ్యి" అన్నాడు.

ఆఫీసరమ్మ రాసిన ముక్క కొట్టేసింది. "ఆయనతో మాట్లాడకుండా నేనేదీ తేల్చలేను," అంది. ఆ గొంతులో మంచీ తెలియలేదు, చెడూ తెలియలేదు.

"బస్సు డిపోలో అప్పజెప్పి రావడానికి గంట పడుతుందండి."

"కూర్చుంటాను."

బుడ్డోడు అప్పటికే వెళ్లి వీధి గుమ్మంలో చతికిలబడ్డాడు. గాలికి తలుపు మూసుకోబోతే కాలు అడ్డం పెట్టాడు.