ఇనుము కావాలా, బొగ్గు కావాలా

పొట్టివాళ్లకి కోపం ముక్కు మీద ఉంటుందంటారు. నాకైతే అది అక్కడే కాపురం పెట్టింది. ఆ ఏడాది నా కోపానికి కారణం ఒక్కటే. మా జట్టులో పొడుగుపిల్ల లేదు.

1979 నాటి సంగతి. జంషెడ్‌పూర్‌లో మన తెలుగు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్లు రెండుండేవి. సీతారాండేరాలో మాది, టాటానగర్ స్టేషన్ దగ్గర రైల్వే కాలనీ వాళ్లది. మా నాన్నలు ఉక్కు కార్ఖానాలో, వాళ్ల నాన్నలు రైల్వేలో. మా జట్టుకి కెప్టెన్‌ని నేను, పద్మకుమారిని. బంతి నేల మీద కొడుతూ నేను బయల్దేరితే ఆపగలిగే పిల్ల ఊళ్లో లేదు. ఆ మాట నేనే చెప్పుకుంటాను, ఇంకొకళ్లు చెప్పేదాకా ఆగే ఓపిక నాకు లేదు. నా ప్రాణ స్నేహితురాలు నూకమ్మ దూరం నుంచి గురిచూసి వేసేది. మిగతావాళ్లు బాగానే పరిగెత్తేవారు. ఇంత ఉండీ ఏం లాభం? బంతి బోర్డుకి తగిలి వెనక్కొస్తే అందుకునే నాథుడు లేడు. రైల్వే కెప్టెన్ రత్నం చెయ్యెత్తితే చాలు, ఆ బంతి దానిదే. మూడేళ్లు వరసగా దసరా పోటీల షీల్డు స్టేషన్ వైపే పోయింది. వచ్చే ఏడు నా చదువు అయిపోతుంది, దాంతో ఆటా అయిపోతుంది. ఒక్కసారి ఆ షీల్డుని నా చేతుల్తో ఎత్తాలని ఎంత ఆశగా ఉండేదో!

ఏటేటా కొత్తగా ఆటకొచ్చే పిల్లల కోసం రెండు జట్లూ జుట్లు పట్టుకునేవి. "అది మా వీధి పిల్ల" అని ఒకరు, "దాని మేనమామది మా కాలనీ" అని ఇంకొకరు. గొడవ పెద్దవాళ్ల దాకా పోయేది. రెండు జట్లకీ ఆట నేర్పే సీతారామరావు మాస్టారు ఆఖరికి విసిగిపోయారు.

"మన ఊళ్లల్లో సెడుగుడు ఆడినప్పుడు ఎలగ పంచుకునేవోరం? ఉద్దులేసుకునేవోరం. ఇక్కడా అంతే. ఇంకెవలైనా నోరెత్తితే బంతి పట్టుకెళ్లి సుబర్ణరేఖలో పారేత్తాను," అన్నారు.

ఉద్దులంటే తెలియనివాళ్లు ఉంటారేమో, చెబుతాను. సమానంగా ఆడే పిల్లలిద్దరు జతకడతారు. ఆ జతే ఉద్ది. వాళ్లు పక్కకి వెళ్లి చెరో దొంగపేరూ పెట్టుకుని, భుజాల మీద చేతులేసుకుని తిరిగొచ్చి, "మల్లె కావాలా, మొల్ల కావాలా?" అని కెప్టెన్లలో ఒకరిని అడుగుతారు. ఆవిడ ఏ పేరు కోరితే ఆ పేరు పెట్టుకున్న పిల్ల ఆవిడ జట్టుకి పోతుంది, రెండో పిల్ల అవతలి జట్టుకి. ఒకసారి ఒకరు కోరితే, మరోసారి రెండోవారు. ఎవరికీ అన్యాయం లేదు. ఉద్ది దొరకని పిల్ల మాత్రం ఆటలో అరటిపండే.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక, మా కోర్టు గోడకి అవతల ఒక తల కనిపించడం మొదలైంది. ఆ గోడ నాకంటే ఎత్తు. ఆ పిల్ల మాత్రం మెడ దాకా కనిపించేది. సాయంత్రం వచ్చేది, చూసేది, చీకటి పడబోతుంటే వెళ్లిపోయేది. ఎవరి పిల్ల? పెట్టె ఏదైనా వేసుకుని ఎక్కి నిలబడుతోందా? నాకు ఉండబట్టలేదు. ఒకరోజు ఎవరో గట్టిగా విసిరితే బంతి గోడ దాటిపోయింది. అయ్యో అనుకునేలోపే ఒక చెయ్యి పైకి లేచి దాన్ని గాల్లోనే పట్టేసింది. ఒంటిచేత్తో! ఆ పిల్ల బంతి వైపు చూడనైనా చూడలేదు. నా వైపే చూస్తోంది.

గేటు చుట్టూ తిరిగి పరిగెత్తాను. పెట్టె లేదు, గిట్టె లేదు. సొంత కాళ్ల మీదే నిలబడి ఉంది.

"నీ పేరేటే?"

"పైడమ్మ."

"ఇంతకు ముందు ఎక్కడాడేవు?"

"కహీఁ నహీఁ, దీదీ." ఎక్కడా ఆడలేదట!

"మరి బంతి అలగ పట్టుకోడం ఎవలు నేర్పారు?"

నవ్వి ఊరుకుంది. నాకు ఒళ్లు మండింది.

"సర్కస్సులో గాని సేసిందంటావా?" అని నూకమ్మని అడిగాను.

"ఏటి సేత్తే నీకెందుకే? బంతి పట్టుకుందా లేదా?" అంది నూకమ్మ. అదెప్పుడూ అంతే. నాకు ఎందుకో ఎలాగో తేలకపోతే అన్నం సహించదు. దానికి పనైతే చాలు.

ఆదివారం దాన్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని పైడమ్మని వెతుక్కుంటూ పోయాను. అడగ్గా అడగ్గా ఒక కొత్త క్వార్టర్ల కట్టుబడి దగ్గర దొరికింది. కింద నిలబడి వాళ్లమ్మ ఇటుకలు పైకి విసురుతోంది. పైన పరంజా మీద నిలబడి పైడమ్మ ఒక్కొక్కటీ అందుకుని మేస్త్రీకి ఇస్తోంది. మేస్త్రీ ఏదో కబురు చెబుతుంటే పకపకా నవ్వుతూ, అతని మొహంలోకి చూస్తూనే అందుకుంటోంది. నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

"ఒక్కటైనా జారదేటే?" అని కేకేశాను.

"నీచే అమ్మా హై నా, దీదీ!" అంది పైనుంచి. కింద అమ్మ ఉంది కదా అని.

వాళ్ల నాన్న తవిటయ్య కొలిమి దగ్గర కాంట్రాక్టు కూలీ. మేం వచ్చిన పని విని బీడీ ముట్టించాడు.

"ఆడుకోనీ తల్లీ. సీతారాండేరా అయితే మా గుడిసికి పిలుపు దూరం. నాకేటీ బెంగ నేదు. టేసను పక్కకి మాత్రం నాను పంపను. ఆ జుగ్సలాయి లారీల మజ్జిని, సీకటడ్డాక గుంట ఒక్కర్తీ నడిసి రావాలంటే నా పేణం ఒప్పదు," అన్నాడు.

"మా జట్టులోకే వత్తాది మావా," అని ధైర్యంగా చెప్పేశాను. ఉద్దుల మాట అప్పుడు గుర్తు రాలేదు. దారిలో నూకమ్మ గుర్తు చేసింది. రత్నం వైపు పడితే పైడమ్మ ఆట అక్కడితో సరి.

పంపకాల రోజు మా కోర్టులో రెండు జట్లూ కూర్చున్నాయి. ఒక పక్కగా తవిటయ్య కూడా వచ్చి గొంతుక్కూర్చున్నాడు. కొత్త పిల్లలు ఐదుగురు. నలుగురికి జతలు కుదిరాయి, రెండు ఉద్దులూ పంచుకున్నాం. పైడమ్మ మిగిలింది. అంత పొడుగు పిల్ల పక్కన ఉద్దిగా ఎవరు నిలబడతారు?

"జత నేదు కదా? ఆటలో అరటిపండు. బంతులందియ్యమను," అంది రత్నం చప్పున. దానికి తెలివి లేక కాదు. ఆ ఎత్తు చూసి దాని గుండెల్లో రాయి పడింది.

పైడమ్మ పొడుగు తగ్గుతుందేమో అన్నట్టు భుజాలు వంచుకుంది. అది చూసేసరికి నాకు పట్టరాని కోపం వచ్చింది.

"పాత పిల్ల ఉద్దిగా రాకూడదా మేస్టారూ?"

"రావొచ్చు. కానీ జట్టు మీద హక్కొదులుకోవాల. కెప్టెనైనా సరే. ఎటు పడితే అటు ఎల్లిపోవాల."

"అయితే నానొత్తాను."

ఆ మాట అన్నది నా కోపమే, నేను కాదు. నూకమ్మ నా తొడ మీద గిల్లి, "పిచ్చి గాని పట్టిందేటే?" అంది. రత్నమైతే విరగబడి నవ్వింది. "ఓలమ్మా! దీనికీ దానికీ ఉద్దా? ఇది దాని మోచేతి కాడికి రాదు!"

"ఉద్దంటే ఎత్తులు కొలుసుకోడం కాదు. ఆడి సూపించండి," అన్నారు మాస్టారు.

ఇద్దరమే కోర్టులోకి దిగాం. మొదట నేనే వేశాను. దూరం నుంచి, పక్కనుంచి, దాని చేతుల కింద నుంచి దూరిపోయి మరీ వేశాను. పాపం, నా నీడని కూడా ముట్టుకోలేకపోయింది. నాకు గర్వం వచ్చేసింది. తర్వాత ఒక్కటి గురి తప్పింది. బోర్డుకి తగిలి వచ్చిన బంతిని పైడమ్మ అందుకుంది, అక్కణ్ణుంచే మెల్లిగా బుట్టలో పెట్టేసింది. ఆ తర్వాత దాని దగ్గర బంతి ఊడబెరుకుదామని నేను ఎగిరాను, దూకాను, నడుం పట్టుకుని వేలాడినంత పని చేశాను. తలెత్తి చూడటం తప్ప నా వల్ల ఏమీ కాలేదు. దగ్గర అది, దూరం నేను. ఇద్దరం చెమటలు కక్కుతుంటే మాస్టారు ఈల వేశారు. నేను వేసినవెన్నో అదీ అన్నే వేసింది.

"ఇదే ఉద్దంటే," అన్నారాయన.

కోరుకునే వంతు మా సీతారాండేరాది. నా బదులు ఇప్పుడు కెప్టెన్ నూకమ్మ. నేనూ పైడమ్మా గోడ వెనక్కి వెళ్లాం.

"ఇనుమూ, బొగ్గూ అనుకుందాం," అన్నాను. ఈ ఊరు నడిచేదే ఆ రెండింటి మీద కదా. చిన్నప్పటి నుంచీ ఏ ఆటలోనైనా నేను ఇనుమే. అది నూకమ్మకి తెలుసు. ఇనుము కావాలని అడుగుతుంది, నేను హాయిగా నా జట్టులోకి వెళ్లిపోతాను, మళ్లీ కెప్టెన్‌నవుతాను. మరి పైడమ్మ? గోడ సందులోంచి చూశాను. తవిటయ్య మా కోర్టు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇది స్టేషన్ వైపు పడిందంటే ఆ మనిషి దీన్ని మళ్లీ ఆటకి పంపడు. నాకు సైకిలుంది, జుగ్సలాయి మీదుగా నేను పోగలను. అంతా తెలుస్తూనే ఉంది, కానీ వదులుకోబుద్ధి కావడం లేదు. నేను పోగేసుకున్న జట్టు అది! నా వాళ్లు!

"నాను బొగ్గు. నువ్వు ఇనుము," అన్నాను.

"క్యోఁ, దీదీ?"

"నల్లగా ఉన్నాను కనక. నోరు మూసుకోని రా."

భుజాల మీద చేతులేసుకోవడం మాకు కుదరలేదు. నా చెయ్యి దాని నడుం మీద, దాని చెయ్యి నా తల మీద. అలాగే వెళ్లి నూకమ్మ ముందు నిలబడ్డాం.

"ఇనుము కావాలా, బొగ్గు కావాలా?"

నూకమ్మ నా మొహంలోకి చూసింది. నేను బోర్డు వైపు చూశాను.

"ఇనుము."

పైడమ్మ అటు అడుగేసింది. తవిటయ్య లేచి నిలబడ్డాడు. నూకమ్మ మొహం పక్కకి తిప్పేసుకుంది. నేను కోర్టుకి అడ్డంగా నడిచి అవతలికి వెళ్లాను. మా కోర్టు అంత వెడల్పని నాకు ఆ రోజే తెలిసింది.

"మాకు బంతి నడిపే గుంట నేదని నానెవలికీ సెప్పనేదు, దేవుడికి ఎలగ తెలిసిందే!" అని రత్నం నన్ను వాటేసుకుంది. దాని భుజం కొరికేద్దామనిపించింది.

దసరా దాకా జుగ్సలాయి గోడౌన్ల మధ్య లారీలని తిట్టుకుంటూ స్టేషన్‌కి సైకిలు తొక్కాను. రైల్వే పిల్లలు మంచివాళ్లే, రత్నం కూడా. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. బాధల్లా నూకమ్మతోనే. వీధిలో ఎదురైతే తలొంచుకుని పోయేది. తప్పు పేరు కోరి నన్ను పోగొట్టుకున్నానని కుమిలిపోతోంది కాబోలు అనుకున్నాను. అసలు సంగతి చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చేది. కావాలనే పేరు మార్చుకున్నానని బయటపడితే రత్నం ఉద్దులు చెల్లవంటుంది, పైడమ్మ మళ్లీ గోడ అవతలే. అందుకని మింగేశాను.

ఫైనల్లో ఎదురెదురు మేమే. నేను ఆడిన ఆటకి వంక పెట్టడానికి లేదు, నా జట్టువాళ్లని చూసి చెయ్యి వెనక్కి లాగలేదు. కానీ బంతి ఒక్కసారి బోర్డుకి తగిలిందా, ఇక అంతే. పైడమ్మ చూడకుండానే అందుకోవడం, నూకమ్మకి విసరడం, నూకమ్మ వెయ్యడం. రత్నం ఎంత చెయ్యెత్తినా దానికి గాలే అందింది. షీల్డు సీతారాండేరాకి వచ్చింది. నేను రైల్వే బనీను వేసుకుని, ఓడిపోయిన వరసలో నిలబడి చప్పట్లు కొట్టాను. సంతోషమో ఏడుపో తెలియక నా మీద నాకే కోపం వచ్చింది.

నూకమ్మ షీల్డు పట్టుకుని తిన్నగా నా దగ్గరికే వచ్చింది. పాపం, ఇక దీని బెంగ తీర్చేద్దామనుకున్నాను.

"ఒసే, నువ్వు తప్పు కోరుకోనేదే. ఆ రోజు బొగ్గు..."

"నువ్వే బొగ్గని నాకు తెలుసు," అంది.

"ఏటీ?"

"నువ్వు ఇనుమైతే నా కళ్లలోకి సూసి నవ్వేదానివి. బోర్డు కేసి సూసేవు. అప్పుడే తెలిసింది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "తెలిసీ ఇనుమడిగేవా? తెలిసీ నన్నొదిలేసేవా? ఆ పొడుగుదాని కోసం?"

"మూడేళ్లు పొడుగుపిల్ల, పొడుగుపిల్ల అని నా బుర్ర తినేసేవు. నువ్వు నోరు కట్టుకోని ఇత్తే, కెప్టెన్నై ఉండి పుచ్చుకోకపోతే ఎలగే?"

"మరి ఇన్నాళ్లూ మాటాడవేటి?"

"మాటాడితే ఏడుపొచ్చెత్తాదని." అప్పటికే ఏడుస్తోంది.

దాన్ని కొడదామని ఎత్తిన చెయ్యి దాని మెడ చుట్టూ పడింది. నేనూ భోరుమన్నాను. ఇంతలో ఫొటోకి పిలిచారు.

"ఈ సివర పట్టుకో," అంది నూకమ్మ షీల్డు నా వైపు జరిపి.

"నానోడిపోయినదాన్ని."

"నోరు మూసుకోని పట్టుకో, దీదీ," అంది నెత్తి మీద నుంచి పైడమ్మ.

పట్టుకున్నాను. ఇద్దరం ఎత్తబోయాం, పైడమ్మ మా చేతుల్లోంచి అందుకుని పైకెత్తేసింది. ఆ షీల్డు నేను ఎత్తగలిగినంత ఎత్తు కంటే చాలా పైన ఉంది.